పెరట్లో హిమానీనదం

ఆ ఉదయం కోడలి పథకం చాలా సులువైనది. పెరట్లో నేల అదురు పసిగట్టే సెన్సర్లు నాలుగు పాతాలి, నేలమీద ఇనప పలక పెట్టాలి, దానిమీద పెద్ద సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. రేపు బయల్దేరి వెళ్లి హిమానీనదం మీద చేసేదీ ఇదే. దెబ్బ తాలూకు ప్రకంపన మంచులోకి దిగి, అడుగునున్న రాతిని తాకి తిరిగొస్తే, మంచు ఎంత లోతుందో, కింద నేల ఏ ఆకారంలో ఉందో తెలుస్తుంది. బయల్దేరే బృందంలో మిగిలింది ఒక్క చోటే. ఈ రికార్డు బాగా వస్తే అది ఆమెది. లేకపోతే ఇన్నాళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

చిక్కల్లా ఒకటే. చీమ చిటుక్కుమన్నా సెన్సర్లు కలిపిన యంత్రం మీద పచ్చదీపం వెలగదు. వెలిగిందా, ఆ క్షణం నుంచి నేల కదిలిన ప్రతి కదలికా నేరుగా, బృందాన్ని ఎంచే ప్రొఫెసరుగారి తెరమీదకి పోతుంది. రెండో అవకాశం లేదు.

"నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు, నోరెత్తొద్దు!" అని కోడలు సుత్తి ఎత్తింది.

"నువ్వు వెళ్లకపోతే నాకు మాత్రం నిద్ర పడుతుందా అమ్మాయ్? నే కదిలితే ఒట్టు," అంది అత్తగారు. దండెం మీద తడి దుప్పటి ఆరేస్తోందేమో, రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఆవిడ కొడుకు నోట్లో బ్రష్షుతో మెట్టుమీద బొమ్మైపోయాడు.

వీధిలో ఏదో లారీ పోతోంది. దీపం వెలగలేదు. సుత్తి గాల్లోనే ఉంది.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసింది. కోడలి చేతిలో సుత్తి. అత్తగారి చేతులు పైకి. కొడుకు నోట నురగ.

"వదినగారూ! ఏంటిది?"

అత్తగారు పలకలేదు. మాటిచ్చింది మరి.

"ప్రమాదమైతే ఒకసారి కళ్లార్పండి, కాకపోతే రెండుసార్లు!"

దుప్పటి నీళ్లు కంట్లో పడి అత్తగారు టపటపా ఆర్పింది. ఎన్నిసార్లో లెక్కకు అందలేదు.

"అమ్మో, ఏడుస్తోంది కూడాను! రండర్రా, చంపేస్తోంది!"

వీధి మొదట్లో సుత్తి ఎత్తిన కోడలు, కబురు వీధి చివరికి చేరేసరికి ఇద్దర్ని చంపి పూడ్చేసింది. లారీ దాటిపోయి పచ్చదీపం వెలిగిందో లేదో, చీపుళ్లతో, గొడుగులతో జనం గేటు తోసుకుని వచ్చిపడ్డారు. ఎవరో సుత్తి లాక్కున్నారు. అది మందుల షాపాయన కాలిమీద పడింది. ఆయన ఒంటికాలిమీద పెరడంతా గెంతాడు.

కొడుకు నురగ ఉమ్మి అసలు సంగతి చెప్పేసరికి అంతా అయిపోయింది. కోడలు ఇనప పలక మీద కూలబడి భోరుమంది.

"ముందే ఒక మాట చెప్పొచ్చుగా తల్లీ," అని పక్కింటావిడ చల్లగా జారుకోబోయింది. ఫోను మోగింది. కోడలు స్పీకరు నొక్కింది. ప్రొఫెసరుగారు.

"క్షమించండి సార్, మా వీధివాళ్లు..."

"సుత్తి దెబ్బదేముందమ్మా, ఎవరైనా కొడతారు. ఒక పక్క తొక్కిసలాట, మధ్యలో ఒంటికాలి గెంతులు, ఎవరు ఎటు పోయారో అడుగడుగూ పట్టేశాయి నీ సెన్సర్లు! మంచు కూడా అంతే. తనంతట తనే జారుతూ, ఆగుతూ చప్పుడు చేస్తుంది. మనం వినాల్సింది అదే. రేపు బయల్దేరు. అన్నట్టు, ఒక్క చోట మాత్రం అందరూ పక్కకు తిరిగి పోయారు. అక్కడేమైనా బండరాయి ఉందా?"

"లేదు సార్, మా అత్తయ్య ఉన్నారు."

పెరడంతా చప్పట్లు. కోడలు ఒక్క పరుగున వెళ్లి అత్తగారిని కావలించుకుంది. "అత్తయ్యా, నేను వెళ్తున్నా!"

అత్తగారు ఉలకలేదు, పలకలేదు. కదలొచ్చని ఆవిడకింకా ఎవరూ చెప్పలేదు.