భీమసేన గవాక్షవిజయము

నందికొండ తన మంచుదుప్పటిని అప్పుడే విదిలించి పక్కన పడేసిన శుభవేళ, స్వరాజ్యం వచ్చి దశాబ్దం దాటినా వైద్యుల కరువు తీరని చింతామణి సీమలో, ఒకానొక ధర్మాసుపత్రి బాలింతల వార్డు ద్వారసీమయందు, కంఠాన స్టెతస్కోపూ కళ్లలో నిద్రలేమీ ధరించి నిలిచిన మహావీరుడెవడయ్యా అంటే, హౌస్ సర్జన్ భీమసేనుడు!

రోగులను చూస్తే చాలదు, మందిని నడిపించడమూ నేర్వాలని పెద్ద డాక్టరు చిదంబరంగారు ఆ ఉదయమే శాసించారు. తాను రౌండ్సుకు వచ్చేసరికి కిటికీ తెరిచి ఉండాలి, బాలింతలందరి నాడీ చూసి ఉండాలి. ఏది తప్పినా శిక్షణ ఇంకో ఆర్నెల్లు. అంటే నిశ్చయమైన పెళ్లి కూడా అంతే వెనక్కి. నడిపించడం ఎలాగో ఆయన సెలవివ్వలేదు. పెద్దవాళ్లకది అలవాటే.

కిటికీకి అడ్డంగా జంగమకోటె చౌడమ్మ కొలువుదీరింది. కోడలు చెన్నమ్మ ప్రసవించింది మొదలు కిటికీ సందులన్నింటా కోక పేలికలు కుక్కింది ఆమే. సాంబ్రాణి పొగకు పసిబిడ్డలు దగ్గుతున్నారు. అది చూసి రగిలిన ఆ వైద్యకులతిలకుడు గర్జించెను:

“ఓ వృద్ధజననీ! ప్రాణవాయుప్రవాహనిరోధము శిశుశ్వాసకోశవినాశహేతువు గావున, తక్షణమే గవాక్షకవాటములను విఘటింపుము!”

చౌడమ్మ ఆకువక్క నములుతూ శ్రద్ధగా విన్నది.

“బాగా చెప్పినావప్పా. ఇప్పుడు తెలుగులో చెప్పు.”

“కిటికీ తెరువమ్మా.”

“గాలి తగిలి నా కోడలికి సన్ని పట్టుకుంటే బిడ్డను నువ్వు సాకుతావా?”

అంతట భీమసేనుడు, ఎదురుతిరిగినవారికే పెత్తనమిస్తే దారికొస్తారని బెంగళూరు తరగతిలో నేర్చిన బ్రహ్మాస్త్రాన్ని సంధించాడు.

“ఈ పొద్దునుంచి ఈ వార్డుకు నువ్వే పెద్దవమ్మా. ఇంట్లో పట్టుపురుగుల గదిని ఎట్లా చూసుకుంటావో, అట్లే చూసుకో.”

“పురుగులిల్లు మాదిరా? ఆ మాట మొదలే చెప్పకూడదా! గాలి ఆడకుంటే పురుగు యాడ బతుకుతాది?”

పేలికలు ఊడాయి. రెక్కలు విచ్చుకున్నాయి. ఎండ లోపలికి దూకింది. విజయగర్వంతో నాడులు చూడబోయిన మన వీరుడికి చౌడమ్మ చెయ్యి అడ్డొచ్చింది.

“యాడికప్పా వస్తాండావు? పురుగులింట్లోకి బయటోళ్లు వచ్చేదుండాదా? దిష్టి తగుల్తాది. బయటికి నడు.”

“నేను డాక్టరునమ్మా!”

“నేను పెద్దను. నువ్వే గదప్పా చేసినావు?”

కొరివితో తల గోక్కున్నట్టయింది. వరండాలో చిదంబరంగారి బూట్ల చప్పుడు వినబడుతోంది. భీమసేనుడు పంచపాండవులను, ధన్వంతరిని, కాబోయే మామగారిని ఏకకాలంలో స్మరించి, ఆసుపత్రి చుట్టూ పరుగెత్తి, ఆముదపు చెట్లను చీల్చుకుని కిటికీ చువ్వల ముందు వెలిశాడు.

“చెన్నమ్మా, చెయ్యి ఇట్ల పెట్టమ్మా!”

చౌడమ్మ బాలింతలను ఒక్కొక్కరినే పంపింది. వీరుడు చువ్వల సందుల్లోంచి నాడులను పట్టాడు. చివరి నాడి చిక్కింది! దిక్కులారా వినండి, ఒక కిటికీ తెరుచుకుంది, ఒక పెళ్లి గట్టెక్కింది!

అంతలో పక్కన ఆముదపాకులు గలగలమన్నాయి. చూస్తే చిదంబరంగారు, తలలో రెండు ఆకులు, మొహాన చెమట. ఆయన్నీ చౌడమ్మ గుమ్మం దాటనివ్వలేదు.

“నీ శిక్షణ ముగిసింది,” అన్నారాయన. “కాస్త జరగవయ్యా, నేనూ చూడాలి.”