టైర్లలో ముగ్గురి గాలి

ఆ పొద్దున పికప్ ఓనరు పెట్టుకున్న పని ఒక్కటే. పింగాణీ కొట్టు షావుకారు సరుకుని ఒక్క కప్పు పగలకుండా ఊరవతలి హోటలుకి చేర్చాలి. చేర్చాడా, ఏడాదంతా ఆ కొట్టు సరుకు మోసే పని ఆయనదే. షావుకారు స్వయంగా పక్కసీట్లో కూర్చుని చూస్తానన్నాడు.

ఓనరుకి బెంగేమీ లేదు. టైర్ల షాపువాడు తళతళలాడే కారు టైర్లు అంటగట్టబోతే వద్దని, బరువు మోసేవే ఏరి మరీ కొన్నాడు. డ్రైవరు సీటు పక్క తలుపు దగ్గరున్న కంపెనీ స్టిక్కరు చదివి, సరుకు బరువుకి తగ్గ గాలి ముందురోజే తన చేత్తో పెట్టాడు. వీధిలో ఆ సంగతి విననివాళ్లు లేరు, విని విసగనివాళ్లూ లేరు.

పెట్టెలు ఎక్కించాక భార్య వెనక టైర్ల దగ్గర వంగి చూసింది.

"ఏవండీ, టైర్లు నొక్కుకుపోయినట్టున్నాయి. ఓసారి చూడండి."

"టైర్ల గురించి నాకే చెప్తున్నావా? బరువు పడితే అవి అలాగే పక్కలకి ఉబ్బుతాయి!" అంటూ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

ఆవిడ మనసు ఊరుకోలేదు. తమ్ముణ్ణి పిలిచింది. అతను పంపు పట్టుకొచ్చి, టైరు మీద అచ్చువేసిన అంకె దాకా గాలి కొట్టేశాడు. అది టైరు తట్టుకోగలిగిన ఆఖరి హద్దు అని అతనికేం తెలుసు! అతను అటు వెళ్లగానే ఇటు అల్లుడొచ్చాడు. మామగారికి ఏనాడూ సాయం చెయ్యడన్న పేరు పోగొట్టుకోవాలని, ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త దట్టించాడు.

మొదటి స్పీడ్ బ్రేకరు మీద బండి గాల్లోకి లేచింది. షావుకారు తల పైకప్పుకి తగిలింది. వెనక పెట్టెలు ఘల్లుమన్నాయి.

"రోడ్డు బాగాలేదండీ," అన్నాడు ఓనరు.

రెండో దాని మీద మళ్లీ లేచింది. "కమాను స్ప్రింగులు బిగుసుకున్నట్టున్నాయండీ."

మూడోసారి షావుకారు తల తడుముకుంటూ, "బయల్దేరేముందు గాలి చూశారా?" అన్నాడు.

"చూడ్డమేంటండీ? నా చేత్తో పెట్టాను!"

అన్నాడే గాని కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఆపి చూస్తే పరువు పోతుంది. ఆపకపోతే కప్పులూ పోతాయి, పనీ పోతుంది. చివరికి పరువునే వదులుకుని దిగి, టైరుకి గాలి కొలిచే గేజి పెట్టాడు. తను పెట్టినదానికన్నా ఎంతో పైనున్న ముల్లు చూసి తెరిచిన నోరు మూయకుండానే ఇంటికి ఫోన్ చేశాడు.

"మీరు చూడనన్నారుగా, అందుకే మా తమ్ముడిచేత కొట్టించాను!" భార్య గొంతు గర్వంగా షావుకారు దాకా వినిపించింది.

"నేను కూడా కొట్టాను మామయ్యగారూ!" వెనకనుంచి అల్లుడు, ఇంకా గర్వంగా.

టైర్లు చల్లబడేదాకా ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు. తర్వాత స్టిక్కరు చెప్పినంతకి గాలి తగ్గించి, మెల్లగా హోటలు చేరారు. పెట్టెలు విప్పితే ఒక్క కప్పుకీ బీట లేదు. ఓనరు మీసం దువ్వుకున్నాడు.

"పని మీకే," అన్నాడు షావుకారు. "నా ముందే బండి ఆపి దిగారు చూడండి, అది నచ్చింది. కాకపోతే ఒక షరతు. రోజూ మీ ఆవిడ చూసి సరేనన్నాకే బండి కదలాలి."

"మా ఆవిడా? ఆవిడకి టైర్ల గురించి ఏం తెలుసండీ?"

"మీకన్నీ తెలుసు కాబట్టి చూడలేదు. ఆవిడకి తెలీదు కాబట్టి చూసింది."

ఓనరు ఇంటికొచ్చి, తను ఏరిన టైర్ల వల్లే పని దక్కిందని వీధి వీధంతా చెప్పుకున్నాడు. షరతు సంగతి మాత్రం ఒక్క మనిషికే చెప్పాడు, అదీ తప్పక.