మావయ్యగారు దూరమవుతున్నారు

ఆ ఉదయం గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర బస్సెక్కాలి, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు కింద నేలమాళిగలో ఉన్న రికార్డు రూము తెరవాలి, పదకొండుకి తనిఖీకి వచ్చే పెద్దాఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. పందొమ్మిదేళ్లు ఆ గదిలో దుమ్ము పీల్చి అతను సంపాదించుకున్నది దగ్గొక్కటే. పై అంతస్తులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీ అయింది. అది ఇతనికి ఇవ్వాలో వద్దో ఆఫీసరు ఇవాళ తేలుస్తాడు. ఆ కిటికీ తప్ప జీవితం నుంచి ఇంకేమీ ఆశించడం అతను ఎప్పుడో మానేశాడు.

వస్తువులు పారేసుకోవడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. విసిగిపోయిన భార్య మూడు బ్లూటూత్ బిళ్లలు కొని తాళాల గుత్తికి, గొడుగుకి, కళ్లజోడు పెట్టెకి తగిలించింది. వస్తువు దూరమైతే మొగుడూ పెళ్లాలిద్దరి ఫోన్లకీ కబురొస్తుంది. ఒక్కో బిళ్లకీ ఒక పేరు పెట్టమని ఫోను అడిగింది. ఆవులింతలు ముంచుకొస్తున్న గుమస్తా, ఏది పోతే ఎవరు తిడతారో వాళ్ల పేరే పెట్టేశాడు. ఆఫీసు తాళాలు "మేనేజరుగారు". కళ్లజోడు "ఆవిడ". గొడుగు, నెల రోజులుగా తమ దగ్గరే ఉంటున్న పిల్లనిచ్చిన మామగారిది కాబట్టి "మావయ్యగారు". ఈ సంగతి భార్యకి చెప్పాలన్న ధ్యాసే లేకపోయింది.

బస్సు నాలుగు స్టాపులు దాటగానే ఫోను మోగింది. "మేనేజరుగారు మీ వెంట లేరు. ఇంట్లో ఉన్నారు."

అంటే ఆఫీసు తాళాలు ఇంట్లోనే ఉండిపోయాయి. భార్య విని వెతికి పెడుతుందన్న ఆశతో గుమస్తా బిళ్లని కూయమని ఫోనులో నొక్కి, ఉన్నపళంగా బస్సు దిగేశాడు. దిగినవాడు ఒంటరిగానే దిగాడు. రెండు నిమిషాల్లో రెండో కబురు వచ్చింది. "మావయ్యగారు మీ నుంచి దూరమవుతున్నారు."

ఆ వెంటనే భార్య ఫోను. స్నానం చేసి వచ్చి చూస్తే ముందు గదిలో తండ్రి లేడు. ఫోనులో మాత్రం కబురుంది.

"ఏమండీ, మావయ్యగారు దూరమవుతున్నారట!"

"తెలుసు. బస్సులో వదిలేశాను."

"వదిలేశారా?"

"సీటు కింద పెట్టాను. దిగే హడావిడిలో మర్చిపోయాను."

"సీటు కిందా!"

"పోతే పోనీవే. ఎలాగూ పాతబడిపోయింది, రెండు ఊచలు విరిగిపోయాయి. కొత్తది తెచ్చుకుందాం."

అవతల నుంచి ఒక కేక వినిపించి ఫోను ఆగిపోయింది. ఒక గొడుగు కోసం ఇంత రాద్ధాంతమా అనుకుని, ఆలోచించే ఓపిక లేక అతను ఎదురు బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. ఇంటి తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది. భార్య ఫోను ఎత్తడం లేదు. మళ్లీ నొక్కితే లోపల సోఫా వైపు నుంచి బిళ్ల కీచుకీచుమంది. గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడే మేనేజరు ఫోను చేశాడు.

"పది దాటింది. ఎక్కడ తగలడ్డావయ్యా?"

గుమస్తాకి మాటలు కూడబలుక్కునే శక్తి కూడా పోయింది. "మీకోసమే వెనక్కొచ్చాను సార్. మీరు మా ఇంట్లో ఉండిపోయారు. లోపల కూస్తున్నారు. బయట తాళమేసుంది సార్."

"ఒంట్లో బాగానే ఉందా?" అని మాత్రం అడిగి మేనేజరు ఫోను పెట్టేశాడు.

ఉత్త చేతులతోనే గుమస్తా ఆఫీసుకి బయల్దేరాడు. దారి పొడుగునా ఆ కిటికీ అతని కళ్లముందే మూసుకుపోయింది. ఏడుపొచ్చింది కానీ, ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

ఆఫీసు గేటు దగ్గర భార్య ఎదురైంది. బస్సు డిపోలో కండక్టరు చేత సీట్ల కింద వెతికిస్తే దొరికిన గొడుగుని ఆమె కత్తిలా పట్టుకుని ఉంది. "గొడుగు దొరికింది. మా నాన్నేరీ?"

అతను విషయమంతా చెప్పాడు. ఆమె గొడుగు ఎత్తింది గానీ కొట్టలేదు, ఆమె కూడా అలిసిపోయింది. ఇద్దరూ నేలమాళిగ మెట్లు దిగారు. రికార్డు రూము బార్లా తెరిచి ఉంది. లోపల గుమస్తా కుర్చీలో మావయ్యగారు టీ తాగుతున్నారు.

"రండి అల్లుడుగారూ! బల్ల మీద తాళాలు మర్చిపోయారు. గుత్తికేదో కీచురాయి తగిలించి ఉంటే పీకి సోఫాలో పడేసి, ఆటో ఎక్కి, అది దారిలో చెడిపోయినా ఆఫీసరు వచ్చేవేళకి తెచ్చేశాను. అమ్మాయి స్నానంలో ఉంటే చెప్పడం కుదర్లేదు. ఫైళ్ల మీద మీరు అంటించిన చీటీలు చూసి ఆఫీసరు అడిగిన ఫైలల్లా చిటికెలో తీసిచ్చాను."

"మీరా, మావయ్యగారూ?"

"మరేమనుకున్నారు? మా అల్లుడు ఈ గదిని కంటికి రెప్పలా చూసుకుంటాడు, ఇది వదిలి ఒక్క రోజుండలేడు అని గట్టిగా చెప్పాను."

గుమస్తా కళ్లు చెమర్చాయి. పందొమ్మిదేళ్లలో అతని చీటీలని మెచ్చుకున్న మనిషి లేడు. తాళం బిళ్లకి ఉన్న ఆచూకీ కూడా తన కష్టానికి లేదనుకున్నాడు. వంగి మావయ్యగారి చేతులు పట్టుకున్నాడు.

అప్పుడే మేనేజరు ఒక కాగితంతో మెట్లు దిగాడు. "ఆఫీసరు వెళ్లిపోయారు. చాలా సంతోషించారయ్యా. ఇదిగో, రిపోర్టులో రాసి సంతకం కూడా పెట్టారు." గొంతు సవరించుకుని చదివాడు. "'రికార్డు రూము అద్భుతంగా ఉంది. ఇంతటి శ్రద్ధాసక్తులున్న ఉద్యోగిని రిటైరయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదపరాదు.'"

మావయ్యగారు లేచి, కుర్చీ మీది దుమ్ము పైపంచెతో ఆప్యాయంగా దులిపారు. "కూర్చోండి అల్లుడుగారూ, ఇది మాత్రం ఎక్కడికీ పోదు."