తిప్పమ్మ మూడవ చరణ విజయము

స్వస్తి! పెన్న ఇసుకకు నైరుతి దిక్కున, వానమబ్బు దారి తప్పినప్పుడు తప్ప తొంగిచూడని ఎర్రనేల దేశమున, శెనక్కాయల కోతలు ముగిసి మిల్లులు మ్రోగు మార్గశిర మాసమున, మేకలు సైతము చలికి ముడుచుకొను ప్రాతఃకాలమున, కుందుర్పి నుండి కళ్యాణదుర్గమునకు పరుగెత్తు ఒక షేర్ ఆటో యందు జరిగిన మహాసంగ్రామమును చెప్పబూనుచున్నాను. ఓ పెన్‌డ్రైవు గర్భమున కాపురముండు వాగ్దేవీ! నా నాలుక మీద నిలువుము. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు గట్టిగా పట్టుకొనుము. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వి ముగించుడు, నడుమ నవ్వినచో నాకు ఒళ్లు మండును.

ఆ ఏట ఆ సీమకు పాటల కరువు లేదు. ఉన్న కరువులు వేరు. ట్రాక్టరు తోలువారు కునుకు పట్టకుండుటకై గుండెలదరు డప్పుపాటల నాశ్రయించిరి. ధర్మవరపు నేతగాండ్రు మగ్గమున నూలు చేరవేయు నాడె నడకకు సరిపడు మెల్లని పాటలు పెట్టుకొని, పాట వడి హెచ్చినచో చీర అంచున పువ్వు వంకరపోవునని హడలుచుండిరి. అయినను ముసలి ముతక, పిల్లా జెల్లా అందరి నోట ఆడునది ఒక్కటే, తలుపు పాట. 'ఎవరది తలుపు కాడ, ఏల వచ్చినావు ఈడ' అను దాని పల్లవికి తలుపు చాటు నుండి తల బయటపెట్టి ఆడని ఆడపిల్ల ఆ మండలమున లేదు.

ఆ పాటను కలుపు తీయు ఆడవారి జట్టు ఒకటి కట్టి పాడగా, ఆటో డ్రైవరు ఓబిలేష్ బావమరిది రికార్డు చేసెను. ఫోన్లయందు తిరుగునది ముప్పది సెకన్ల పల్లవి ముక్క మాత్రమే. మూడు చరణముల సంపూర్ణ గానము ఓబిలేష్ ఆటోలోని పెన్‌డ్రైవులో తప్ప ఈ భూమండలమున మరెక్కడను లేదు. పాడిన జట్టు పనులు వెదకుకొనుచు బెంగుళూరు పోయెను. ఓబిలేషును అడుగుదమన్నచో అతడు, "దినమంతా మీ పాటలే ఇంటాండా. మీరు దిగంగనే పాట మారుస్తాండా, చివర ఏముండాదో నాకేం తెలుసు?" అని చేతులెత్తివేసెను.

ఇక మన వీరనారి. ఏబది నాలుగేండ్ల వయస్సున, శెనక్కాయల మిల్లునందు గింజలు ఏరు పనిలో నిరుపమాన హస్తలాఘవము గల తిప్పమ్మ. ఆమెకు ఆ పాట చివర ఎందుకు కావలసివచ్చెనో వినుడు. మొదటి చరణమున బెంగుళూరు నుండి వచ్చిన మగడు తలుపు తట్టి, మల్లెలు తెచ్చితిని గాని బస్సులో వాడినవనును. అలిగిన పెండ్లాము తలుపు తీయదు. రెండవ చరణమున గాజులు తెచ్చితిని గాని సందడిలో పగిలినవనును. అప్పుడును తీయదు. మూడవ చరణమున తీయునా, తీయదా? దాని మీద తిప్పమ్మ కాపురమే ఆధారపడి యుండెను.

ఏలయన, పదునేడు దినముల క్రిందట ఆమె మగడు నల్లప్ప చుట్టాలందరి నడుమ సంగటి ముద్ద త్రుంచి, "గడ్డలు కట్టినాది. మా వదిన కెలికితే ఒక్క గడ్డ ఉండదు" అని పలికెను. ఆ క్షణము నుండి ఆలుమగల మాటలు తెగిపోయి, రాయబారమంతయు గుమ్మము ముందు కట్టిన మేక మీద పడెను. "ఒసే, నీళ్లు కాగినాయని చెప్పే" అని ఆమె మేకతో అనును. "సబ్బు యాడ పెట్టినాదో అడగవే" అని అతడును మేకతోనే అనును. ఆ పాటలోని పిల్ల తలుపు తీసినచో తానును మాటలాడుదునని, తీయనిచో ఉగాది దాక నోరు విప్పనని తిప్పమ్మ మనసున ఘోరశపథము చేసికొనెను. నిజము చెప్పవలెనన్న, ఆ పిల్ల తీయవలెనని ఆమెకు చాల ఆశగా నుండెను.

కాని ఆటోకు ఒక శాసనము కలదు. ఎక్కిన వరుసన తలకొక పాట. పాట గలవారు దిగినచో వారి పాటయు దిగవలెను. పై ఊరి క్రాసులో ఇద్దరు ముందే ఎక్కుదురు. ఒకడు ఎరువుల అంగడి గుమాస్తా లక్ష్మీపతి, మరొకరు అంగన్‌వాడీ టీచరు ఎలిజబెత్. తన పల్లెలో ఎక్కు తిప్పమ్మది మూడవ వంతు. రెండవ చరణము ముగియునప్పటికి మిల్లు గేటు ప్రతిదినము పగవానివలె ఎదురగును. పదునొకండు మార్లు దిగి, పదునొకండు మార్లు వెనుదిరిగి చూచి, ఆమె ఒక వ్యూహము పన్నెను.

పండ్రెండవ దినమున కోడి కూయగనే లేచి, సద్ది మూట నడుమున చెక్కి, చేరవలసిన కళ్యాణదుర్గమునకు వీపు చూపి, రెండు కిలోమీటర్లు వెనుకకు నడచి పై ఊరి క్రాసు చేరెను. లక్ష్మీపతి ఇంకను పండ్లు తోముకొనుచుండెను, ఎలిజబెత్ జడ వేసికొనుచుండెను. అంత దుమ్ము రేపుచు రథము వచ్చెను. "అత్తా, నువ్వు ఈడేం చేస్తాండావు?" అని నోరు తెరచిన ఓబిలేషుతో, "నోరు మూసి పాట పెట్టు. ఈ పొద్దు మొదటి వంతు నాది" అని తిప్పమ్మ ముందరి సీటు నాక్రమించెను. ఆ పలుకునకు ఆటో అద్దము కొంచెము వణికెను. అది ఎప్పుడును వణకునదే యనుకొనుడు.

పల్లవి మొదలాయెను. వెనుక నుండి పరుగున వచ్చి ఎక్కిన లక్ష్మీపతి విషయము గ్రహించి నిప్పులు కక్కెను. "ఏమక్కా, ఇది న్యాయమేనా? పావగడ పిల్లతో నాకు పెండ్లి కుదిరినాది. ఆ పిల్లకు ఇష్టమని కన్నడ పాటొకటి నేర్చుకుంటాండా. దినామూ ఈ ఆటోలో ఒకసారి ఇంటేనే నోరు తిరుగుతాది. ఎరువు మూటలు ఎత్తి ఎత్తి విరిగిన నడుము ఆ పాట ఇంటేనే లేస్తాది. నా పాటకు అడ్డం రావద్దు!"

అతనికన్న ముందే ఎక్కి కూర్చున్న ఎలిజబెత్ సయితము సమరసన్నద్ధ యయ్యెను. "నాకు మాత్రం లేదా లక్ష్మీపతీ? ఈ క్రిస్మస్‌కు చర్చిలో కొత్త పాట నేనే పాడాల. ఎత్తుకు పోయిన కాడ గొంతు పగులుతాది. ఈ ఆటో మోతలో అరిచి నేర్చుకుంటే ఎవరూ నవ్వరని ఈడ ఇంటాండా. అయినా ముందెక్కినామె తిప్పమ్మక్క. చట్టం చట్టమే."

ఆ ధర్మవాక్యమునకు లక్ష్మీపతి పండ్లు కొరుకుచు సీటున చతికిలబడెను. మొదటి చరణమున మల్లెలు వాడెను. రెండవ చరణమున గాజులు పగిలెను. తిప్పమ్మ స్పీకరు దిక్కునకు చెవి ఒగ్గెను. మిల్లు ఇంకను మూడు మైళ్ల దూరమున నుండెను, చలిగాలి చెవులు కోయుచుండెను, విజయలక్ష్మి ఆటో మెట్టు మీద కాలు మోపి యుండెను. అప్పుడు, అయ్యో, చెప్పుటకు నోరాడదు! బడి ముందరి స్పీడ్ బ్రేకరు కొండవలె లేచెను. ఆటో ఎగిరి పడెను. రబ్బరు బ్యాండుతో కట్టిన పెన్‌డ్రైవు వదులై, పాట గుటుక్కున ఆగి, ఓబిలేష్ వేలితో నొక్కగా మొదటి నుండి మొదలాయెను. 'ఎవరది తలుపు కాడ...'

"నీ ఆటో కాల!" అని తిప్పమ్మ నెత్తి కొట్టుకొనెను.

"పాట తెగినాది కాబట్టి ఆమె వంతు అయిపోయినాది" అని లక్ష్మీపతి వెనుక నుండి చేయి చాచి పాట మార్చు బటను మీద దండెత్తెను. తిప్పమ్మ సద్ది మూటతో ఆ చేతిని నిలువరించెను. సద్దిడబ్బా మూత ఎగిరి మజ్జిగ చిందగా, ఆ శ్వేతధారలు లక్ష్మీపతి నలుపు ప్యాంటు మీద నక్షత్రములై వెలసెను. "రెండో వంతు నాది, ఆమెకిస్తాండా, పోనీ లక్ష్మీపతీ!" అని ఎలిజబెత్ కేక వేసెను. ఆ త్యాగము చూచి లక్ష్మీపతి చేయి వెనుకకు తీసికొనెను గాని, మూతి మాత్రము మిల్లు దాక ముడుచుకొనియే యుండెను.

రెండవమారు మల్లెలు వాడెను. రెండవమారు గాజులు పగులుచుండగనే మిల్లు గేటు ఎదుట నిలిచెను. గేటు కడ ఈల నోట కరచుకొని మేస్త్రీ చెన్నప్ప, కాలయమునికి చుట్టమువలె నిలబడి యుండెను.

"దిగు తిప్పమ్మా! ఎనిమిదిన్నర అయినాది. గేటేస్తాండా!"

ఆమె గుండె రెండుగా చీలెను. ఒక ప్రక్క పని, ఒక ప్రక్క చరణము. దిగినచో పాట దిగును. అప్పుడామె ఆటో కడ్డీని రెండు చేతుల పట్టుకొని ఇట్లు గర్జించెను. "ఏస్కో మేస్త్రీ, ఏస్కో! పదిహేడు దినాలుగా నేను మొగునితో మాట్లాడలేదు. మేకతో మాట్లాడి మాట్లాడి ఆ మేక నన్ను చూస్తేనే మొగం తిప్పుకుంటాండాది. ఈ పిల్ల తలుపు తీస్తాదో లేదో తెలిసేదాకా నేను దిగను. ఆయప్ప మాట లేక నాకు ముద్ద దిగతా లేదు, తెలుసునా నీకు?"

అలిగి కూర్చున్న లక్ష్మీపతియే మొదట నోరు తెరచెను. "ఓబిలేషన్నా, ఇంజన్ ఆపు. ఏమీ ఇనపడతా లేదు." ఇంజను ఆగెను. చెన్నప్ప ఈల నోటిలోనే యుంచుకొని ఆటోలోనికి తల దూర్చెను.

మూడవ చరణము మొదలాయెను.

'ఉత్తచేతుల వచ్చినానే, వాన లేని ఊరికి వచ్చినానే, తియ్యవే తలుపు' అని మగడు వేడెను. తిప్పమ్మ కండ్లు మూసికొనెను. లోపలి నుండి ఆడగొంతు తాపీగా బదులిచ్చెను. 'గడియ యాడ ఏసినా మామా, తోసి చూడవైతివి నువ్వు.'

అంతే. డప్పు మీద ఒక దెబ్బ పడి పాట ముగిసెను.

"ఓరి నీ... తోసుంటే పోయేది గదరా!" అని చెన్నప్ప అరచెను. ఈల నోటి నుండి జారి మజ్జిగలో పడెను. ఎలిజబెత్ కొంగుతో నోరు మూసికొని నవ్వెను. "మూడు చరణాలు బయట నిలబడినాడు, ఎర్రి నాయాలు" అని లక్ష్మీపతి ఆ అపరిచితుని కొరకు నిజముగా బాధపడెను. తిప్పమ్మ ఆటో దిగి గేటు కడకు పోయెను. పాట మీది ధ్యాసలో మేస్త్రీ దానికి గడియ వేయుట మరచెను. ఆమె ఒక్క చేత తోసి లోపలికి నడచెను.

సాయంత్రము ఇల్లు చేరునప్పటికి నల్లప్ప అరుగు మీద కూర్చుండి, "ఏమే, ఆమె వచ్చినాదా?" అని మేకనడుగుచుండెను. మేక తల అటు త్రిప్పుకొనెను. తిప్పమ్మ కాళ్లు కడుగుకొని, పొయ్యి ముట్టించి, రాగిపిండి పోసి, చేతులు నొచ్చునంత సేపు కెలికెను. పిదప గడప కడ నిలబడి, మేక వంక చూడక, తిన్నగా మగని ముఖము చూచి, "ఏమప్పా, సంగటి అయినాది. తింటువు రా" అనెను.

నల్లప్ప ఉలికిపడి వెనుకకు తిరిగి చూచెను, మరెవరినైన పిలిచినదేమోయని. ఎవరును లేరు. లేచి వచ్చి కూర్చుండెను. ముద్ద త్రుంచి, పులుసున అద్ది, నోట పెట్టెను. దవడ నడుమ ఏదో తగిలెను. గడ్డ! పెట్టునప్పుడే ఆమె దానిని చూచియుండెను. ఆమె కనురెప్ప వాల్చక చూచుచుండెను. నల్లప్ప ఒక క్షణము నమలుట ఆపెను. ఆపి, మ్రింగెను.

"మెత్తగుండాది" అనెను.

జయము! పదునేడు దినముల మౌనకోటను ముట్టడించి, స్పీడ్ బ్రేకరును దాటి, రేగుపండంత సంగటి గడ్డను మగని గొంతు దింపిన తిప్పమ్మకు దిగ్విజయము! ఈ గాథ విన్నవారి పెన్‌డ్రైవు వదులు గాకుండుగాక, వారి పాట చివరి దాక మ్రోగుగాక. గుమ్మము ముందర మేకకు ఆ రాత్రి ఎవరును ఏమియు చెప్పలేదు. అది హాయిగా పండుకొనెను.