మొదటిసారి మడిచేవారి పుస్తకం

ఉదయం తొమ్మిది గంటల బస్సుకు నిజామాబాద్ వెళ్లి, కాగితం మడతల పుస్తకం ఒకటి కొని, పన్నెండుకల్లా బోధన్ తిరిగి రావాలన్నది షారోన్ పథకం. చర్చిలో వేసవి సెలవుల తరగతులకు ఆమే టీచరు. మర్నాడు ముగింపు రోజున నలభై మంది పిల్లలూ తలా ఒక కాగితపు పావురం చేసి వేదిక మీద వేలాడదీస్తారని పాస్టరు గారికి మాటిచ్చేసింది. చిక్కల్లా ఏమిటంటే, ఆమెకు పడవ చేయడం కూడా రాదు. ఫోన్‌లో చూసి నేర్చుకుందామంటే, తను ఒక మడత వేసేలోపు వీడియోలోని చేతులు నాలుగు మడతలు దాటిపోతున్నాయి.

భూమన్న పుస్తకాల దుకాణంలో అలాంటివి మూడు రకాలు దొరికాయి. మూడింటి మీదా మొదటిసారి నేర్చుకునేవారికి అనే రాసి ఉంది. దుకాణంలో జిరాక్స్ మిషన్ కూడా ఉండటంతో, ఎదురుగా ఉన్న ఆఫీసులో పింఛను దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో అది కిటకిటలాడుతోంది.

"మడిచి చూడంది తీస్కోనన్నా," అంది షారోన్.

"చూడు అక్కా. చెడిపోయిన జిరాక్సులు గక్కడున్నయి, వాటితోని మడువు," అని భూమన్న కౌంటరు చివరి దొంతిని చూపించాడు.

మొదటి పుస్తకం ఆరో బొమ్మ దాకా బుద్ధిగానే నడిచింది. ఏడో బొమ్మలో ఉన్నట్టుండి పావురానికి రెక్కలు మొలిచాయి.

"ఆరుకు ఏడుకు నడుమ ఏమైందన్నా?"

"జపానోళ్లకు సమజైతది కావచ్చు అక్కా."

రెండో పుస్తకం ఇరవై రెండు మడతలు వేయించి, చివరికి కప్పను చేతిలో పెట్టింది. మూడోది పలచటి తెలుగు పుస్తకం. అది తీయబోతుండగా ఫోన్ మోగింది. చర్చిలో పిల్లల్ని కాస్తున్న ఎస్తర్.

"అక్కా, పిల్లలు ఆగుతలేరు. బెంచీల మీదికెళ్లి దుంకుతున్నరు. యాడిదాక వచ్చినవ్?"

"బస్సెక్కిన," అని అబద్ధమాడి, ఆ కంగారులో చేతికందిన కాగితం లాక్కుని షారోన్ ఆ తెలుగు పుస్తకం చూస్తూ మడతలు మొదలుపెట్టింది. ఆశ్చర్యం, పావురం వచ్చేసింది!

"నా ఆధార్ జిరాక్స్ ఏడ వోయింది?" అని అప్పుడే పక్కనున్న పెద్దాయన వెతుక్కోసాగాడు. వేల్పూర్ నుంచి వచ్చిన లింబయ్య అతను. "గీ పిట్ట రెక్క మీద నా మొఖమున్నది గదా!"

షారోన్ ముఖం పాలిపోయింది. "తప్పయింది బాపు," అని విప్పబోతుంటే, వెనకాల నిలబడ్డ సత్తవ్వ మెడ చాచి చూసింది.

"గిట్ల మడ్సి ఇయ్యాల్నా?"

లింబయ్యకు ఆ సంగతి తెలీదు. అయితే తెలీదని పదిమందిలో ఒప్పుకునే మనిషి కాదు. "ఔ మరి. కొత్త రూల్ వెట్టిండ్రు," అని పావురాన్ని అందుకుని హుందాగా రోడ్డు దాటాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అక్కడి మనిషి ఫోన్‌లోంచి తలెత్తకుండానే పావురం తోక మీద స్టాంపు కొట్టి ట్రేలో పడేశాడట.

"తీస్కున్నరు!" అని లింబయ్య గుమ్మంలోంచే ప్రకటించాడు.

అంతే, దుకాణంలోని వాళ్లంతా షారోన్ ముందు వరుస కట్టారు.

"అవ్వా, గసొంటి రూల్ ఏం లేదు. నేను పొరపాటున మడిచిన," అని ఆమె మొత్తుకుంది.

"గాయినకు మడ్సిచ్చినవ్, మాకు మడ్సియ్యవా?" సత్తవ్వ గొంతు పెంచింది. "గాయినేమన్న మీ సుట్టమా?"

వరుస మొత్తం "ఔ మరి" అంది. షారోన్ దీనంగా భూమన్న వైపు చూసింది. "నువ్వన్న చెప్పన్నా!"

"నాకేం తెల్సక్కా, నేను జిరాక్సోన్ని," అన్నాడు భూమన్న. నాలుగేళ్లుగా దుమ్ము పట్టి ఉన్న మడతల పుస్తకాలను అప్పటికే అటక మీంచి దించేస్తున్నాడు. "ఇంటికాడ మడుసుకునేటోళ్లకు బుక్కులు కూడ ఉన్నయి!" అని కేకేశాడు.

షారోన్ మడిచింది. అత్తల ఆధార్లు, కోడళ్ల ఆధార్లు, జక్రాన్‌పల్లి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన ఆరుగురి ఆధార్లు. నడుమ ఎస్తర్ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ బస్సు దారిలో జానకంపేట దగ్గరే ఆగి ఉందని షారోన్ చెప్పింది. వరుస తరిగేసరికి రెండున్నర దాటింది.

"అన్నా, నా తెలుగు బుక్కేది?"

"సత్తవ్వ తీస్కపోయింది అక్కా. అన్ని ఖతమైనయ్. కప్పది గూడ ఉంచలేదు. ఆర్డర్ వెడ్త, వారం పడ్తది."

బోధన్ బస్సులో షారోన్ దారి పొడవునా కన్నీళ్లు ఆపుకుంటూనే ఉంది. చర్చిలో అడుగు పెట్టగానే నలభై జతల కళ్లు ఆమె ఖాళీ సంచి వైపు తిరిగాయి.

"బుక్కేది అక్కా?" అంది ఎస్తర్.

షారోన్ బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసుకుని అటూ ఇటూ మడుస్తూ నిలబడింది. పుస్తకం పోయిందని చెప్పాలా, దొరకలేదని చెప్పాలా అని ఆమె తేల్చుకునేలోపు పిల్లలు చప్పట్లు కొట్టారు. కిందికి చూస్తే చేతిలో పావురం ఉంది. పదో ఆధార్ తర్వాత తాను బొమ్మల వంక చూడటమే మానేసిందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. గబగబా ఇంకో కాగితం తీసి, అదీ చేసి చూసింది. వచ్చింది! "కూసోండ్రి అందరు," అంది. పొద్దు గూకేసరికి నలభై పావురాలు తయారయ్యాయి. ఒకటి రెండు కోళ్లలా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

రెండు రోజుల తర్వాత నిజామాబాద్‌లోని ఆ ఆఫీసు కిటికీ పక్కన కొత్త నోటీసు వెలిసింది: "ఆధార్ జిరాక్సులు మడవకుండా ఇవ్వవలెను. పక్షులు తీసుకోబడవు."