బస్సు జట్టుకు రెండు మార్కులు

మార్చి పదమూడు, గురువారం ఉదయం. హాజరైనవారు: ప్రధానోపాధ్యాయిని, ఇంగ్లీషు పెద్దమాస్టారు, కొత్త ఇంగ్లీషు టీచరమ్మ, గదిని రెండుగా చీల్చిన తెరకు అవతల వాళ్లిద్దరి తరగతుల నుంచి ఒక్కో జట్టు పిల్లలు. తాము చేసిన ప్రాజెక్టు గురించి పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడతారు, మాస్టారూ టీచరమ్మా విని రెండు జట్లకూ మార్కులు వేస్తారు. తెర తీసేదాకా ఎవరి పిల్లలో బయటపెట్టకూడదని నియమం. గెలిచిన తరగతి గురువుకు ఇంగ్లీషు శాఖ పెత్తనం.

ఆ పెత్తనం కోసం పెద్దమాస్టారు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నారు. నిన్నగాక మొన్న వచ్చిన టీచరమ్మ చుట్టూ పిల్లలు మూగుతుంటే ఆయనకు కడుపు రగిలిపోయేది. తన పిల్లలు ఏ ప్రాజెక్టు చేస్తున్నారో అడిగే అలవాటు ఆయనకు లేదు; ఆమె గదిలోకి తొంగిచూసే అలవాటు మాత్రం ఉంది. అక్కడ బల్ల మీద అట్టముక్కల బస్సు కనిపించింది. బస్సు జట్టు ఆవిడదేనని తేల్చుకున్నారు.

మొదటి జట్టు మొక్కల పెంపకం గురించి మొదలుపెట్టింది. మాస్టారి దగ్గు వినగానే బెదిరి, తడబడి, ఆగిపోయింది. తన పిల్లలేననుకుని ఆయన కరిగిపోయారు.

"మౌనంలో ఎంత ఆలోచన!" అంటూ పదికి తొమ్మిది వేశారు. టీచరమ్మ నిట్టూర్చి నాలుగు వేసింది.

ఊరికి కొత్తవారు బస్సెక్కే పద్ధతిని రెండో జట్టు గలగలా వివరించింది. మాస్టారి మొహం మాడిపోయింది.

"బట్టీ పట్టించారండీ! ఇప్పుడు చూడండి." తెర వైపు తిరిగారు. "ఆఖరి బస్సు తప్పిపోయిన ముసలాయనతో ఏమంటారు?"

ఒక ఆడపిల్ల గొంతు ఆ ముసలాయన్ని కూర్చోబెట్టింది, ఇంటికి ఫోన్ చేయించింది, ఆగని డ్రైవరును నాలుగు దులిపింది, అంతా చక్కని ఇంగ్లీషులో. ప్రధానోపాధ్యాయిని పకపకా నవ్వారు.

"అతివాగుడు," అని మాస్టారు రెండు వేశారు. టీచరమ్మ తొమ్మిది వేసింది.

"చూశారా మేడమ్, సొంతవాళ్లకి తొమ్మిది!"

"మాస్టారూ, ఆ పిల్లలు..."

"చెప్పకమ్మా! నియమం నియమమే!" అని గదమాయించి, 'బస్సు జట్టుకు ఇలా నేర్పినవారు శాఖను నడపడానికి పనికిరారు' అని రాసి, సంతకం చేసి ప్రధానోపాధ్యాయిని చేతికిచ్చారు.

తెర తీశారు. బస్సు చుట్టూ నిలబడ్డవాళ్లు మాస్టారి పిల్లలు.

"మీరా! మరి ఈ బస్సు ఆవిడ గదిలో ఎందుకుంది?"

"మన గదిలో చెత్త పెట్టద్దన్నారు కద సార్! టీచరమ్మ చోటిచ్చారు."

"గొంతులైనా గుర్తుపట్టలేదా మాస్టారూ?" అన్నారు ప్రధానోపాధ్యాయిని.

"క్లాసులో నోరెత్తనిస్తే కదా మేడమ్," అంది ఆడపిల్ల. "ఏడాదంతా ఆపుకున్నది ఇవాళ మాట్లాడేశాం."

మార్కులు కూడితే మొక్కల జట్టు గెలిచింది. మాస్టారు కాగితం కోసం చెయ్యి చాచారు.

"పోనీ, ఇచ్చేయండి మేడమ్," అంది టీచరమ్మ. ఆ జాలి మాస్టారికి మార్కులకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ప్రధానోపాధ్యాయిని కాగితం మరోసారి చదివి, అడుగున 'అంగీకరించడమైనది' అని సంతకం పెట్టి, మడిచి, సొరుగులో వేశారు.

మాస్టారి సిఫారసు పొల్లుపోకుండా అమలు కావడం ఆ బడిలో అదే మొదటిసారి.