శనిగ్రహపు షెరీఫ్‌కు ఎన్ని ఎడమ చేతులు?

పాతకాలపు ప్లాస్టిక్ రాక్షసుల బొమ్మలను మళ్లీ అచ్చువేసి అమ్మే కంపెనీవాళ్లకు శాంతి బహుమతి ఇవ్వాలి! నవ్వకండి. నేను చాలా సీరియస్‌గానే చెబుతున్నాను.

ఈ అమెరికాలో అరవై దాటిన మగవాళ్ల గుండెల్లో ఒకటే గాయం. యుద్ధం చేసిన గాయం కాదు, ప్రేమ చేసిందీ కాదు. అమ్మ చేసింది! కొడుకు కాలేజీకో సైన్యానికో వెళ్లీ వెళ్లగానే అమ్మ వాడి గది ఊడ్చింది. వాడు చిన్నప్పుడు ముక్కా ముక్కా జిగురుతో అంటించి, రంగులేసి, అలమారలో నిలబెట్టుకున్న గ్రహాంతరవాసులనూ పిచ్చి శాస్త్రవేత్తలనూ ఎగిరే పళ్లేలనూ చెత్తబండికి ఎత్తేసింది. అమ్మలు పోయారు. కొడుకులు రిటైరయ్యారు. గాయం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. ఏ డాక్టరు మాన్పగలడు దాన్ని? కంపెనీవాళ్లు మాన్పారు! గోదాముల్లో తుప్పుపట్టి పడున్న అచ్చులు వెతికి తీసి, అదే బొమ్మను అదే డబ్బాలో పెట్టి మళ్లీ అమ్ముతున్నారు. ఇది వైద్యం కాక మరేమిటి?

ఆక్రన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ నిండా ఈ వైద్యమే. మా ఆయన వెండెల్ గోడల వెంట నేల నుంచి కప్పుదాకా డబ్బాలు పేర్చాడు. దాంతో ఒహాయో చలిగాలి ఇంట్లోకి దూరడం మానేసింది! బేస్‌మెంట్ చాలక డబ్బాలు పైకెక్కి భోజనాల బల్లను ఆక్రమించాయి. అప్పటినుంచి పళ్లెం ఒళ్లో పెట్టుకుని సర్దుకు తింటున్నాం, ఇద్దరం ఒళ్లు తగ్గాం. కూర్చునే చోటు లేక ఆయన వైపు చుట్టాలు క్రిస్మస్‌కు రావడం కూడా మానుకున్నారు. ఒక ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి?

పైగా ఇవి ఇంట్లో మరక చెయ్యవు, కంపు కొట్టవు. ఎందుకంటే ఎవరూ వాటిని విప్పరు కదా!

"ఎప్పుడు విప్పుతావు వీటిని?" అని కొత్తలో అడిగాను.

"ఇవి విప్పేవి కావు డార్లీన్. పైన చుట్టిన సెల్లోఫేన్ కాగితం చిరిగిందా, ఇక అది కిట్టు కాదు, ఉత్త ప్లాస్టిక్."

"మరి ఇదే బొమ్మ ఇంకోటెందుకు కొన్నావు?"

"ఒకటి దాచుకోవడానికి."

"మరి మొదటిది?"

"అదీ దాచుకోవడానికే."

ఇంత నిజాయితీగా జవాబు చెప్పే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి!

ఇక లెన్నీ సంగతి చెప్పాలి. లెన్నీ మా ఆయనకు నిక్కర్లనాటి స్నేహితుడు. ఇద్దరి నాన్నలదీ ఒకటే టైర్ల ఫ్యాక్టరీ, ఇద్దరి ఇళ్ల మధ్యా ఒకటే కంచె. లెన్నీ పెళ్లి గిళ్లి జోలికి పోలేదు. ప్రతి గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చి, నేను కీమా ముద్ద కాల్చి చేసిన మీట్‌లోఫ్ తిని, "ఉప్పు తగ్గింది డార్లీన్" అని రెండోసారి వడ్డించుకునేవాడు. తర్వాత అసలు కార్యక్రమం. ఆ వారం వచ్చిన డబ్బాను ఒకరి తర్వాత ఒకరు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవారు. లోపల ముక్కలు గలగలమంటుంటే ఇద్దరూ కళ్లు మూసుకుని వినేవారు. కచేరీకి వెళ్లే ఖర్చు కూడా తప్పిందా లేదా?

పోయిన వేసవిలో జ్వార్గ్ దిగాడు. వీళ్ల చిన్నప్పుడు టీవీలో వచ్చిన శనిగ్రహపు షెరీఫ్ వాడు, అంటే అక్కడి పోలీసు పెద్ద. చేప తల, ఆకుపచ్చ ఒళ్లు, ఛాతీ మీద నక్షత్రం, చేతికి మూడేసి వేళ్లు. మా ఇంటికి శని పట్టిందంటే ఏదో మాటవరసకు అన్నాననుకుంటారు గానీ, నిజంగా పోస్టులోనే వచ్చింది!

"వచ్చాడ్రా లెన్నీ! రెండెడమ చేతుల జ్వార్గ్!" అన్నాడు వెండెల్ డబ్బాను గుండెలకు హత్తుకుని.

లెన్నీ ఫోర్కు కింద పెట్టాడు. "రెండు కుడి చేతులు."

"ఎడమ! ఫ్యాక్టరీవాళ్ల పొరపాటు. చిన్నప్పుడు నా బొమ్మకు నేనే అంటించా, నాకు తెలీదా?"

"పొరపాటు కాదని ఎవడన్నాడు? కానీ రెండూ కుడివి. నా బొమ్మకు నేనూ అంటించా. నీకు కుడేదో ఎడమేదో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. డ్రైవింగ్ టెస్టు ఊరికే తప్పావా?"

"నా డ్రైవింగ్ జోలికి రాకు చెబుతున్నా!"

"డబ్బా విప్పి చూస్తే పోలా?" అన్నాను నేను.

ఇద్దరూ తిరిగి నన్ను చూశారు. చర్చిలో ఈల వేసినా ఎవరూ ఎవరినీ అలా చూడరు. ఆ తర్వాత నెలల తరబడి వాళ్లిద్దరూ ఏకీభవించిన సంగతి అదొక్కటే.

మరి తేల్చడం ఎలా? పాత బొమ్మలు అమ్మలు పారేశారు. డబ్బా మీద జ్వార్గ్ చేతులు రెండూ శనిగ్రహపు మంచులో మునిగిపోయి ఉన్నాయి, పాపం ఆ చిత్రకారుడికి చేతులు గీయడం వచ్చి ఉండదు. ఎలా అంటించాలో చెప్పే కాగితం లోపలే ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే అన్నీ డబ్బాల ఫోటోలే!

విషయం క్లబ్బుకెక్కింది. మోడల్ బొమ్మలవాళ్లందరూ నెలకోసారి చర్చి బేస్‌మెంట్‌లో డోనట్లు తింటూ కూడే క్లబ్బు అది. అక్కడ హార్వీ అని ఒక మహా సమీక్షకుడున్నాడు. ఇంతవరకూ ఒక్క డబ్బా విప్పకుండా వందల కిట్లను సమీక్షించిన మేధావి. హార్వీ జ్వార్గ్ డబ్బాను తూచాడు, వాసన చూశాడు, ఊపాడు.

"ఎడమ చేతుల గలగల ఇది. కుడి చెయ్యయితే కొంచెం బొంగురుగా మోగుతుంది" అని తీర్పిచ్చాడు.

సభ రెండుగా చీలింది. ఎడమవాళ్లు కాఫీ పాత్ర పక్కన, కుడివాళ్లు డోనట్ల పక్కన! ఈ దేశంలో ఎడమా కుడీ అని కొట్టుకోవడం కొత్తేమీ కాదు గానీ, నిజంగా చేతుల గురించి కొట్టుకోవడం అదే మొదలు. కంపెనీవాళ్లు ధర్మాత్ములు కనక, రెండెడమల చారిత్రక ముద్రణ ఒకటి, రెండు కుడుల చారిత్రక ముద్రణ ఒకటి వేస్తామని ప్రకటించారు. ఎవరూ విప్పరు కాబట్టి లోపల ఏం పెట్టినా చిక్కు లేదు. ఒకటి ఎడమా ఒకటి కుడీ ఉండొచ్చు కదా అనే పిచ్చి ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు.

లెన్నీ మా ఇంటికి రావడం మానేశాడు. చూశారా, ఇంకో లాభం! మీట్‌లోఫ్ మిగులుతోంది. ఉప్పు తగ్గిందనే నాథుడు లేడు. గురువారం సాయంత్రం వెండెల్ కిటికీ దగ్గర కూర్చుని, కారు చప్పుడైతే తలెత్తి, లెన్నీది కాదని తెలిసి దించుకునేవాడు. ఇంట్లో అంత ప్రశాంతత నేనెన్నడూ ఎరగను.

మంచు కరిగే రోజుల్లో చర్చిలో వార్త తెలిసింది. లెన్నీ ఇల్లు అమ్మేశాడు. ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి పోతున్నాడు. శనివారం లారీ వస్తోంది.

"పోతే పోనీ" అన్నాడు వెండెల్. భోజనాల బల్ల దగ్గరికెళ్లి జ్వార్గ్ డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కడే ఊపాడు. అవతలివాడికి అందించబోయినట్టు చెయ్యి కొంచెం చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఫోన్ చెయ్యి."

"వాడే చెయ్యాలి. రెండు కుడి చేతులన్నది వాడు."

"వాడెళ్లిపోయాక ఎవరితో పోట్లాడతావు, హార్వీతోనా?"

నేను బంగాళదుంపలు చెక్కే కత్తి తెచ్చి డబ్బా మీద పెట్టాను. "నువ్వు విప్పుతావా, నన్ను విప్పమంటావా?"

మా ఆయన డబ్బాను వెనక్కి లాక్కున్నాడు. "ఇక్కడ కాదు. వాడి ముందు."

శనివారం పొద్దున డబ్బా ఆయన పట్టుకున్నాడు, కత్తి నేను పట్టుకున్నాను. లెన్నీ ఇంటి ముందు లారీ ఆగి ఉంది. తలుపు తీసిన లెన్నీ మొదట నా చేతిలో కత్తిని చూశాడు.

"డార్లీన్, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు రెండడుగులు వెనక్కి వేసి.

వెండెల్ కత్తి అందుకుని సెల్లోఫేన్ మీద ఆనించాడు. అప్పుడర్థమైంది లెన్నీకి.

"ఒరేయ్ వద్దురా! విప్పకు! నువ్వు చెప్పిందే రైటు!"

"రైటు కాదు, లెఫ్టు!" అని అరిచి వెండెల్ సర్రున కోసేశాడు.

సామాన్లు మోసేవాళ్లు కూడా సోఫా దింపి చూశారు. లోపల ప్లాస్టిక్ చట్రంలో ఆకుపచ్చ చేతులు రెండున్నాయి. ఒకటి ఎడమ. ఒకటి కుడి.

"ఇప్పుడు సరిచేసి ఉంటారు" అన్నాడు వెండెల్ నీరసంగా.

లెన్నీ లోపలి కాగితం విప్పాడు. వాళ్ల చిన్ననాటి కాగితానికి అచ్చమైన నకలు అది. అందులోనూ ఒకటి ఎడమ, ఒకటి కుడి. దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"వెండెల్... మీ వంటింటి బల్ల మీద కదరా చేశాం రెండూ?"

"మా అమ్మ పేపరు ఒకటే పరిచింది. బల్ల పాడవుతుందని."

"నా జిగురు ఎండిపోయింది. ఇద్దరికీ నీ ట్యూబే."

"ఆగలేక ముక్కలన్నీ ఒకేసారి విరిచి కుప్ప పోశాం. నా ముక్కలూ నీ ముక్కలూ ఒకటే కుప్ప." వెండెల్ చట్రంలోని ఎడమ చేతి మీద వేలు పెట్టాడు. "అయితే నా బొమ్మకున్న రెండో ఎడమ చెయ్యి..."

"నాదిరా, దొంగ వెధవా! నా బొమ్మకున్న రెండో కుడి చెయ్యి..."

"నాది."

పొరపాటు వీళ్లది, ఇంతకాలం నింద మాత్రం ఫ్యాక్టరీ మీద! నేను నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. లెన్నీ లారీలోకెక్కి, కట్టిన అట్టపెట్టె చించి, తన జ్వార్గ్‌ను తెచ్చి పళ్లతో సెల్లోఫేన్ కొరికేశాడు. సామాన్లవాళ్లు వాచీలు చూసుకుంటుంటే, ఉత్త నేల మీద, ఒకటే పేపరు పరుచుకుని, ఒకటే జిగురు ట్యూబుతో ఇద్దరూ బొమ్మలు అంటించారు. వెండెల్ బొమ్మకు రెండెడమలు, లెన్నీ బొమ్మకు రెండు కుడులు. ఈసారి కావాలనే.

జిగురు ఆరకముందే లారీ కదిలింది. లెన్నీ కారు ముందు సీట్లో జ్వార్గ్‌కు సీటుబెల్టు కట్టి తీసుకెళ్లాడు.

ఇంటికొచ్చాక వెండెల్ నేను అడగకుండానే డబ్బాలన్నీ బేస్‌మెంట్‌లోకి దింపాడు. ఇప్పుడు మా భోజనాల బల్ల మీద రెండెడమల జ్వార్గ్ ఒక్కడే ఉన్నాడు. మిగతా చోటంతా ఖాళీ. ఇన్నేళ్లూ నేను పోరుపెట్టింది ఆ చోటు కోసమే. మొన్న గురువారం మీట్‌లోఫ్ చేసి ఆ బల్ల మీదే వడ్డించాను. ఉప్పు తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు.

అందుచేత కంపెనీవారికి ఒక చిన్న విన్నపం. శాంతి బహుమతి సంగతి నేను చూసుకుంటాను. మీ దగ్గర పాత అచ్చులన్నీ ఉన్నాయంటున్నారు కదా, పోయిన వేసవి నుంచి మొన్నటిదాకా మేము పోగొట్టుకున్న గురువారాలను మళ్లీ అచ్చువేయగలరా? డబ్బా అక్కర్లేదు. సెల్లోఫేన్ అసలే వద్దు. వచ్చినవి వచ్చినట్టే వాడేసుకుంటాం.